ముందు తీసిపెట్టిన గిన్నె

"ఏం తిన్నాడో చెప్పండి మేడం, చాలు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నాకు అక్కర్లేదు. ఏం తిన్నాడో ఒక్కటి కనుక్కుని చెప్పండి!"

అనుపమ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తోంది. ఐసీయూ తలుపు అవతల ఆమె భర్త వెంకటరత్నం ఒళ్ళంతా గొట్టాలతో పడి ఉన్నాడు. నిన్న శనివారం సాయంత్రం పాత ఆఫీసు స్నేహితులతో ఏడాది చివరి విందు అని కొత్త చొక్కా వేసుకుని, పాట పాడుకుంటూ వెళ్ళిన మనిషి. కేకు కోసే వేళకి కుర్చీలోంచి జారి కింద పడ్డాడు.

నా పేరు సుమిత్ర. ఇరవై ఏళ్ళు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కోసం దొంగ క్లెయిములు తవ్వి, ఆ తర్వాత చిలకలగూడలో సొంత బోర్డు పెట్టుకున్న డిటెక్టివ్‌ని. ఆదివారం పొద్దున్నే నన్నెవరైనా లేపితే ఒళ్ళు మండుతుంది. టీ చుక్క పడకుండా లేపితే ఇంకా మండుతుంది. కానీ ఆ అమ్మాయి మొహం చూశాక కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

లోపల్నుంచి డాక్టర్ బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"గుండె వేగం పడిపోతోంది. పుట్టగొడుగుల విషం అనుకుని రాత్రి నుంచి వైద్యం చేస్తున్నాం. అది కాదని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. దారిలోనే అంతా కక్కేశాడు, కడుపులో ఏమీ దొరకలేదు. రక్తంలో వెతుకుదామంటే దేనికోసం వెతకాలో తెలియాలి కదండీ. ఆయన తిన్నది ఒక్క చెంచాడు తెచ్చివ్వండి, మా ల్యాబులో తేల్చేస్తారు. కానీ సాయంత్రం దాటాక తెచ్చినా లాభం లేదు."

"పుట్టగొడుగులని మీకెవలు చెప్పిన్రు డాక్టర్ సాబ్?" అన్నాను.

"ఆయనతో వచ్చిన స్నేహితుడు, భానుప్రకాశ్ గారు. సొంతంగా ల్యాబు నడుపుతున్నాడు, తెలిసిన మనిషే. రాత్రంతా ఈ బెంచీ మీదే కూర్చున్నాడు పాపం. ఇందాకే స్నానానికి వెళ్ళాడు."

అనుపమ కళ్ళు తుడుచుకుంది. "భాను అన్నయ్య లేకపోతే నేనేమైపోయేదాన్నో మేడం. ఆయనకి రక్తం కావాలంటే నాదే తీసుకోండి అన్నాడు."

ఇంత మంచివాడు ఒకడు పక్కనుంటే ఆ అమ్మాయికి ధైర్యమే అనుకున్నాను. ఆటో పిలిచాను.

*

రైల్వే స్టేషన్ దగ్గర్లో మొదటి అంతస్తులో ఉంది ఆ ఆసియా వంటల రెస్టారెంటు. క్రిస్మస్ నక్షత్రాలు ఇంకా వేలాడుతున్నాయి. గుమ్మానికి అడ్డంగా పోలీసు కుర్చీ, కుర్చీలో ఇన్‌స్పెక్టర్ సత్యదేవ్. నన్ను చూడగానే నిమ్మకాయ కొరికినట్టు మొహం పెట్టాడు. పోయినేడాది ఆయన ఆత్మహత్య అని మూసేసిన కేసుని హత్య అని నేను తేల్చాను. అప్పట్నుంచీ మా ఇద్దరికీ పడదు.

"మళ్ళీ మీరేనా సుమిత్ర గారూ? ఇక్కడ మీకేం పని లేదండీ. కేసు తేలిపోయింది. చెడిపోయిన పుట్టగొడుగులు వండారు, మనిషి పడిపోయాడు. వంటమనిషిని స్టేషన్‌కి తీసుకెళ్తున్నాను."

వంటమనిషి రోసమ్మ గోడవారన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. బొల్లారం నుంచి వస్తుందట. ఆదివారం ప్రార్థనకని కట్టుకున్న తెల్లచీరలోనే పిలుచుకొచ్చినట్టున్నారు.

"ఎంతమంది తిన్నరు సార్?" అన్నాను.

"నలుగురు."

"ఎన్ని కుండలు?"

"ఒకటే కుండ. ఇదిగో ఈ బల్ల మధ్యలో చిన్న పొయ్యి ఉంటుంది, దాని మీద పులుసు మరుగుతూ ఉంటుంది. అందులో నూడుల్సు, టోఫు, ఆకుకూరలు, పుట్టగొడుగులు వేసుకుంటూ ఎవరికి కావలసింది వాళ్ళు పుల్లలతో తీసుకుని తింటారు. హాట్‌పాట్ అంటారండీ దీన్ని."

"నాకు తెల్వదా ఏంది? మా మనవరాలు రెండుసార్లు తినిపిచ్చింది. సరే, ఒక్క కుండల ఉడికింది, నలుగురు తిన్నరు, ముగ్గురు మంచిగున్నరు. మీ పుట్టగొడుగుకు కళ్ళున్నయా సార్, రత్నం గారి నోరే వెతుక్కొని పోనీకి?"

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. సత్యదేవ్ మెడ ఎర్రబడింది.

"ఒక్కటే చెడిపోయి ఉండొచ్చు. అది ఆయనకే వచ్చి ఉండొచ్చు. ల్యాబు యజమాని స్వయంగా చెప్పాడండీ, లక్షణాలు అవేనని. మీకన్నా ఆయనకి ఎక్కువ తెలుసు."

"డాక్టర్ కాదంటున్నడు. మీ పుట్టగొడుగు పట్టుకొని వేలాడుతుంటే దవాఖానల మనిషి పానం పోతుంది. నన్ను జెర లోపలికి పోనియ్యి. గంటసేపు. తర్వాత మీ ఇష్టం."

ఆయన కదల్లేదు. నేను ఫోన్ తీసి డాక్టర్‌తో మాట్లాడించాను. రెండు నిమిషాలు విన్నాడు, మొహం కొంచెం దిగింది. కుర్చీ పక్కకి జరిపాడు.

పాత్రలన్నీ రాత్రే కడిగేశారు. కుండ తళతళలాడుతోంది. చెత్త తెల్లవారకముందే బండి వాడు ఎత్తుకుపోయాడు. ఒక్క చెంచాడు కాదు కదా, ఒక్క చుక్క కూడా లేదు.

వాళ్ళు కూర్చున్న బల్ల గుండ్రంగా ఉంది. చుట్టూ నాలుగు కుర్చీలు, పక్కనే కిటికీ. కిటికీ అరుగు నిండా మంచు కురిసినట్టు దూది పరిచారు, పండక్కి. ఆ దూదిలో ఒకచోట గుండ్రంగా అణిగిన గుంట ఉంది. మధ్యరకం గిన్నె పట్టేంత.

"ఇదేంది?"

"దూది," అన్నాడు సత్యదేవ్.

"దూదేనని నాకూ కనవడుతుంది. ఈడ ఒక గిన్నె పెట్టిన్రు. తినే గిన్నె బల్ల మీద ఉండాలె గాని కిటికీల ఎందుకుంటది?"

"సర్వర్లు ఏదో పెట్టి ఉంటారండీ."

నేను రోసమ్మ దగ్గరకెళ్ళి పీట పక్కనే కింద కూర్చున్నాను. ఆమె కంగారుగా లేవబోయింది, చెయ్యి పట్టి ఆపాను.

"భయపడకమ్మా. రాత్రి ఆ బల్లకు ఏమేం పంపినవో చెప్పు."

"వెజ్జే మేడం. ఒకాయన శనివారం నీసు తినడంట. ఒకామె ఎప్పుడూ తినదంట. అందుకే నలుగురికీ వెజ్ కుండనే పెట్టినం. ఇంకా నాలుగు బల్లలకు సుత గవే పుట్టగొడుగులు పోయినయి. దేవుని తోడు, ఎవ్వరికీ ఏం కాలే. నేను సుత తిన్న."

"వాళ్ళు వింతగా ఏమన్న అడిగిన్రా?"

"అడిగిన్రు. తినుడు షురూ చేసిన్రో లేదో పార్శిల్ డబ్బా అడిగిన్రు. తిన్నంక మిగిలితే అడుగుతరు గని ముందుగాల్నే ఎవ్వరు అడగరు గదా అనుకున్న. సార్‌కు చెప్పిన ఇది. సార్ వినలే."

సత్యదేవ్ గొంతు సవరించుకున్నాడు. నేను ఆయన వంక చూడను కూడా చూడలేదు. డబ్బా! పార్శిల్ కట్టిన డబ్బా ఒకటి ఈ ఊళ్ళో ఎక్కడో ఉంది. నాకు టీ సంగతి కూడా మర్చిపోయేంత హుషారు వచ్చింది.

*

రాత్రి బల్ల దగ్గరున్న నలుగురిలో ఒకరు ఐసీయూలో, ఒకరు స్నానానికి. మిగిలిన ఇద్దరినీ స్టేట్‌మెంట్ల కోసం సత్యదేవ్ అక్కడికే పిలిపించాడు. నలుగురూ చిలకలగూడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పన్నెండేళ్ళు కలిసి పనిచేసినవాళ్ళు. ఆ ల్యాబు మూతబడి చాలాకాలమైంది. అయినా ఏడాదికోసారి కలుస్తారు.

ముందు తిరుమల్‌ని కూర్చోబెట్టాను. ఇల్లిల్లూ తిరిగి రక్తం తీసుకొచ్చే పని చేసేవాడట. సన్నగా, చలాకీగా ఉన్నాడు. రాత్రి నిద్రలేక మొహం పీక్కుపోయింది.

"కిటికీల గిన్నె ఎవరు పెట్టిన్రు తిరుమల్?"

"గిన్నెనా? ఓ... గదా మేడం! గది జ్యోతక్క గిన్నె."

"నాగజ్యోతి గారిదా? కిటికీల ఎందుకు?"

"అక్క ఎంగిలి తినది మేడం. ల్యాబుల మేం అందరం డబ్బాలు కలిపి తినేటోళ్ళం. అందరి చేతులు పడకముందే అక్కకు ముందు తీసి పక్కకు పెడుతుంటిమి. ఇగ హాట్‌పాట్ అంటే అందరు పుల్లలు నోట్ల పెట్టుకొని మళ్ళ గదే కుండల ముంచుడాయె. అక్క ఎట్ల తింటది? అందుకే కుండ మరగంగనే అక్కకు ఒక గిన్నె నిండ ముందు తీసిపెట్టినం."

"తీసిపెట్టినం కాదు. తీసింది ఎవలు?"

"భాను. పన్నెండేళ్ళు ల్యాబుల సుత వాడే తీసిపెట్టేది. అక్కంటే వానికి పానం. రాఖీ కట్టించుకుంటడు ప్రతి ఏడు."

"మరి ఆ గిన్నె అక్క తిన్నదా?"

తిరుమల్ కిటికీ వైపు తిరిగాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"లేదు మేడం," అన్నాడు మెల్లగా. "అక్క నిన్న తమాషా చేసింది. గది... రత్నమన్న తిన్నడు."

వెనకాల సత్యదేవ్ రాసుకుంటున్న పెన్ను ఆగిపోయింది.

నాగజ్యోతి గారు అవతలి బల్ల దగ్గర కూర్చుని వింటూనే ఉన్నారు. నడివయసు మనిషి. ల్యాబులో మైక్రోస్కోప్ ముందు కూర్చునేదట. నేను పిలవకముందే ఆవిడే లేచి వచ్చింది.

"అందులో తమాషా ఏమీ లేదండీ. పోయినేడు నాకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో పడున్నాను. చెయ్యి ఎత్తి ముద్ద పెట్టుకునే ఓపిక లేదు. ఒక రాత్రి పక్క మంచం వాళ్ళ అమ్మగారు తను తింటున్న పెరుగన్నంలోంచే నాకు ముద్దలు కలిపి పెట్టింది. తినేశాను. ఇంకా పెట్టమని అడిగాను కూడా. ఇంటికొచ్చాక అనిపించింది, ఇన్నాళ్ళూ ఈ ముగ్గురి దగ్గరా ఎంత టెక్కు చూపించానో అని. అందుకే నిన్న ఎవరికీ చెప్పకుండా, అందరితో పాటు నేనూ కుండలో పుల్లలు ముంచేశాను."

"అప్పుడు వీళ్ళేం చేసిన్రు?"

"తిరుమల్ ఈల వేశాడు. రత్నం గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎంత నవ్వుకున్నామో..."

"భాను?"

"వాడు వద్దన్నాడు. 'వద్దక్కా, నీకు పడదు, నీకోసం తీసిపెట్టానుగా, అదే తిను' అని ఒకటే గొడవ. నామీద అంత శ్రద్ధ వాడికి. నేను వినలేదు. వాడు కేకు తేవడానికి కిందకెళ్ళాడు. ఇంతలో తీసిపెట్టిన గిన్నె వృథా ఎందుకని డబ్బా తెప్పించి, ఎవరి చెయ్యీ పడకుండా కొత్త గరిటెతో సగం మా అత్తయ్యకి పోశాను. అత్తయ్యకీ ఎంగిలి పట్టింపే. మిగతా సగం రత్నం గారు లాక్కుని తినేశారు. కొంచెం చేదుగా ఉందన్నారు. పరాయి దేశం ఆకులు కదా, అంతేనన్నాను నేను."

"భాను పైకొచ్చినంక?"

ఆవిడ ఆలోచించింది. ఆలోచిస్తున్నకొద్దీ ఆవిడ మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను.

"ఖాళీ గిన్నె చూసి... 'ఎవరు తిన్నారు?' అన్నాడు. రత్నం గారు చెయ్యెత్తారు. వాడి చేతిలో కేకు వంకరైపోయింది. పడేస్తావేంట్రా అని మేం నవ్వాం."

తిరుమల్ తల పట్టుకున్నాడు. సత్యదేవ్ నా వంక చూశాడు. మొదటిసారి ఆయన కళ్ళలో నాతో పోట్లాట లేదు.

"అమ్మా, రత్నం గారికి ఎవ్వరూ ఏం పెట్టలే," అన్నాను. "గది మీకోసం పెట్టిన గిన్నె."

"ఛీ! ఏం మాటలండీ అవి?" ఆవిడ నా మీదకి లేచింది. "వాడు నా తమ్ముడు! నాకు జ్వరమొస్తే నెల్లాళ్ళు ఇంటికొచ్చి గంజి కాచిపెట్టినవాడు! నోరు మంచిదైతే..."

"మీకు ఆయనకు మధ్య ఏం నడుస్తుంది? కొత్తగ ఏమన్న అయిందా?"

"ఏమీ అవలేదు."

"అమ్మా. ఆడ అనుపమ పొద్దున్నుంచి ఒక్కటే అడుగుతుంది."

ఆవిడ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. చివరికి చెప్పింది.

"దసరా నుంచి వాడి ల్యాబులో వారానికి రెండ్రోజులు సాయానికి వెళ్తున్నాను. అక్కడ సగం శాంపిళ్ళు పరీక్షే చేయట్లేదు. రక్తం సింకులో పోసేసి, తోచిన అంకెలు వేసి రిపోర్టులిచ్చేస్తున్నారు. చూసి నాకు చెమటలు పట్టాయి. వాటిని నమ్మే కదండీ డాక్టర్లు మందులిచ్చేది! పక్కకి పిలిచి తిట్టాను. కొత్త సంవత్సరం వచ్చేలోగా మూసెయ్యి, లేకపోతే నేనే వెళ్ళి ఫిర్యాదు చేస్తానన్నాను. ఏడ్చాడు. సరే అక్కా, మూసేస్తానన్నాడు. ఒట్టేశాడు కూడా."

సత్యదేవ్ నెమ్మదిగా నోట్‌బుక్ మూశాడు. "పుట్టగొడుగులని నాకు చెప్పింది అతనే," అన్నాడు. తనకి తనే చెప్పుకున్నట్టుంది.

"ఆ డబ్బా ఏడుంది?" అన్నాను నేను.

"సీతాఫల్‌మండిలో, మా ఇంట్లో. తెల్లవారుజామున వెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం వేడిచేసుకుని తినమని అత్తయ్యకి..." మాట సగంలోనే ఆగిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! అత్తయ్యా!"

ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ అత్తగారు వీరరాఘవమ్మ గారికి చెవి కాస్త దూరమట. ఫోను పడగ్గదిలో ఉంటుంది, ఆవిడ వంటింట్లో ఉంటుంది. నాగజ్యోతి గారి భర్త రైలు డ్యూటీలో ఎక్కడో గుంతకల్లు దగ్గరున్నాడు. పక్కింటికి తాళం.

"ఈ డబ్బా సంగతి ఇంకెవరికన్న తెలుసా?"

"భానుకి. ఇందాక ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెప్పాను. 'ఏ డబ్బా అక్కా?' అని రెండుసార్లు అడిగాడు."

స్నానానికని వెళ్ళిన మనిషి ఎటు వెళ్ళాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"జీపు!" అని అరిచాడు సత్యదేవ్. రోసమ్మ వైపు తిరిగి, "నువ్వు ఇంటికెళ్ళమ్మా," అన్నాడు. ఆమె నమ్మలేనట్టు అలాగే కూర్చుంది.

*

దారి పొడుగునా నాగజ్యోతి గారు ఫోన్ చేస్తూనే ఉంది. నాకు రెండే భయాలు. ఆ పెద్దావిడ అది తినేసి ఉంటుందేమో. లేదంటే వాడు దాన్ని పారబోసి, డబ్బా కడిగేసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయి ఉంటాడేమో. మొదటిదైతే ఇద్దరు పోతారు. రెండోదైతే రత్నం ఒక్కడూ పోతాడు. మూడో దారి నాకు తోచలేదు.

"తొందరగ పోనియ్యి సార్, పెండ్లి ఊరేగింపుల పోతున్నమా?"

"ట్రాఫిక్‌ని నేను మింగలేను కదండీ!"

ఇంటి ముందు మగవాళ్ళ చెప్పులు ఉన్నాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది, తోసుకుని వెళ్ళాం.

హాల్లో భోజనాల బల్ల దగ్గర భానుప్రకాశ్ కూర్చుని ఉన్నాడు. మెత్తటి మనిషి, నుదుటి మీద కుంకుమ బొట్టు. అతని ముందు స్టీలు గిన్నె. గిన్నెలోంచి ఆవిరి లేస్తోంది. నూడుల్సు, పుట్టగొడుగులు, ఎర్రటి పులుసు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ఎదురుగా వీరరాఘవమ్మ గారు నడుం మీద చెయ్యేసుకుని కాపలా కాస్తున్నట్టు నిలబడి ఉంది.

"వచ్చావా జ్యోతీ! చూడవే వీణ్ణి. వచ్చి అరగంటైంది. రాగానే 'ఫ్రిజ్‌లో డబ్బా ఉందటగా పిన్నిగారూ, ఇవ్వండి' అన్నాడు. రాత్రంతా ఆసుపత్రిలో పడున్నాడాయె, ఆకలేస్తోందని నోరు తెరిచి చెప్పలేక డబ్బా అడుగుతున్నాడనుకుని అంతా వేడిచేసి పెట్టాను. తీరా పెడితే ముట్టడే! ఇంటికి తీసుకెళ్తానంటాడు. మా ఇంటికొచ్చినవాణ్ణి తినకుండా పంపిస్తానా?"

"మీరు తిన్నరా అమ్మా?" నేనే ముందు అడిగాను.

"వాడు తినకుండా నేనెలా తింటానమ్మా? ఇంతకీ నువ్వెవరు?"

మూడో దారి ఉంది! ఈ మహాతల్లి వడ్డించి ఎదురుగా నిలబడినందుకు అది పారబోయలేకా, తినలేకా వీడు అరగంట నుంచి ఇలా ఇరుక్కుపోయాడు.

సత్యదేవ్ ముందుకొచ్చాడు. "భానుప్రకాశ్ గారూ, ఆ గిన్నె మాకు కావాలండీ."

"తీసుకోండి సార్," అన్నాడు భానుప్రకాశ్ వెంటనే. గొంతులో తొణుకు లేదు. "నేనూ అందుకే వచ్చాను. ఇందులో ఏదైనా ఉందేమో పరీక్ష చేయిద్దామని. నా ల్యాబుకి పట్టుకెళ్దామనుకున్నాను. పెద్దావిడ కంగారుపడతారని చెప్పలేదు."

నిజమే అనిపించేలా అన్నాడు. ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చింది. సత్యదేవ్ కూడా నా వైపు తిరిగాడు.

ఆ ఒక్క క్షణం చాలింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే నాగజ్యోతి గారు మమ్మల్ని దాటుకుని వెళ్ళి గిన్నె రెండు చేతులా ఎత్తేసింది.

"ఏమీ లేదంటున్నాడుగా. నా తమ్ముడు నాకు తీసిపెట్టింది. నేను తింటాను."

"అమ్మా, వద్దు!" అరిచాను. కుర్చీ అడ్డమొచ్చి తట్టుకున్నాను. గిన్నె అప్పటికే ఆవిడ పెదవుల దగ్గరుంది.

"అక్కా!"

కుర్చీ ఎగిరి వెనక్కి పడింది. భానుప్రకాశ్ ఆవిడ మణికట్లు రెండూ పట్టుకుని కిందకి వంచేశాడు. పులుసు కొంత అతని చొక్కా మీద ఒలికింది. మిగిలింది గిన్నెలోనే ఉంది.

"తాగొద్దు! అందులో నాన్న మాత్రలున్నాయి! నాన్న గుండెకి వాడిన మాత్రలు, సీసాడు నూరి కలిపాను అక్కా, తాగొద్దు!"

వీరరాఘవమ్మ గారు గోడకి ఆనుకుని అలాగే కిందకి కూర్చుండిపోయింది. తెలిసే వచ్చాను, తెలుసనే అనుకున్నాను. అయినా ఆ మాట అతని నోట విన్నాక ఒళ్ళు గగుర్పొడిచింది.

సత్యదేవ్ అతని భుజం పట్టుకుని కుదిపాడు. "పేరు! మాత్ర పేరు చెప్పు!"

చెప్పాడు. ఆ పేరు నేనిక్కడ రాయను, ఇంకొకడికి ఉపాయం అందించినట్టవుతుంది. సత్యదేవ్ డాక్టర్‌కి ఫోన్ చేసి రెండుసార్లు స్పష్టంగా చెప్పాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"అదా! అయితే మా దగ్గర మందుంది. ఇప్పుడే ఎక్కిస్తున్నాం. ఆ గిన్నె కూడా పంపండి. ఈ మాట రాత్రే తెలిసుంటే మనిషి ఈపాటికి లేచి కూర్చునేవాడు సార్..."

ఫోన్ పెట్టేశాడు. నేను గిన్నెని నాగజ్యోతి గారి చేతుల్లోంచి జాగ్రత్తగా విడిపించి మూత పెట్టాను. ఆవిడ వేళ్ళు మంచులా ఉన్నాయి. ఆవిడ నన్ను చూడలేదు. తన చేతులు ఇంకా పట్టుకునే ఉన్న భానుప్రకాశ్‌నే చూస్తోంది.

"రాత్రంతా ఆ బెంచీ మీదే కూర్చున్నావు కదరా," అంది. "అనుపమ నీ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. డాక్టర్ వచ్చి ఏం తిన్నాడు, ఏం తిన్నాడని ఎన్నిసార్లు అడిగాడు! నీకు తెలుసు. ఒక్క మాట చెబితే రత్నం గారు రాత్రే గట్టెక్కేవారు. నేనెలాగూ బతికే ఉన్నానుగా. ఆయన నీకేం చేశాడురా? ఎందుకు చెప్పలేదు?"

అతను ఆవిడ చేతులు వదిలేశాడు. అప్పటిదాకా ఏడవనివాడు అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా ముక్కు కారిపోతూ.

"చెబితే రత్నమన్న రాత్రే గట్టెక్కేవాడు అక్కా. కానీ అది నీకోసం కలిపానని నీకు తెలిసిపోయేది."